ఊరేగింపులో మరిగిన అంబాసిడర్

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా ఇంట్లోనే ఉంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, డైనమో, అన్నీ పాతవే. కిందటేడు వాటర్ పంపు కారుతుంటే షెడ్డులో కొత్తది వేయించాను. గుంటూరు–విజయవాడ హైవే మీద 60లో వెళ్తే, నేను విడిగా బిగించుకున్న టెంపరేచర్ మీటరు ముల్లు 80 దగ్గరే నిలబడుతుంది. మొన్న మాఘమాసంలో మేనల్లుడి పెళ్ళి ఊరేగింపుకి కారు ఇచ్చాను. ముందంతా బంతిపూలతో ముంచేశారు. బ్యాండు వెనకాల ముప్పావుగంట నడిచేసరికి బుసబుసమని మరిగిపోయింది. పెళ్ళికొడుకుని దింపి, మిగతా దూరం తోసుకుపోయాం. నాన్నగారి రోజుల్లో ఇదే కారు ఎన్ని పెళ్ళిళ్ళకి తిరిగిందో లెక్కలేదు, ఏనాడూ పరువు తీయలేదు. పొద్దున్నే బెల్టు కీచుమంటోంది, ఐడిల్‌లో ఛార్జింగ్ ఎర్ర లైటు మినుకుమంటోంది. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ రెక్క ఒకటి వంగి ఉంది. మెకానిక్ సుత్తితో సరిచేశాడు. ఆ ఫ్యాన్ తీసేసి చిన్నకారు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టి, థర్మోస్టాట్ పీకేస్తే పీడా పోతుందంటున్నాడు. పెట్టించమంటారా? ఇంకోమాట, ఫ్యాన్‌కి రంగు వేయించవచ్చా? ఏ రంగు?
— తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సుత్తి సంగతి. ఆ ఫ్యాన్ బండికి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఒకవేళ ఇప్పటికే చేసి ఉంటే, ఇక చేయకండి.

ఇనప తీగని అటొకసారి ఇటొకసారి వంచితే ఏమవుతుందో చిన్నప్పుడే చూసి ఉంటారు. నాలుగో వంపుకో అయిదో వంపుకో టక్కున విరుగుతుంది. రేకు రెక్కకీ అదే గతి. వంగినప్పుడు ఒక దెబ్బ, సరిచేసినప్పుడు ఇంకో దెబ్బ. ఆ మీదట నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ కంపిస్తూనే ఉంటుంది. రెక్క మొదట్లో, రివెట్ల చుట్టూ, వెంట్రుకంత పగులు మొదలవుతుంది. పైకి కనబడదు. సుమారు 35 సెంటీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస గంటకి దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో రెక్క ఊడితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట నా కారు ఫ్యాన్ రెక్క వంగితే, నేనే దాన్ని చెక్క దిమ్మ మీద పెట్టి చక్కగా తట్టి సరిచేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. మూడు నెలలు ఏమీ కాలేదు. ఒకరోజు ఇంటి ముందే బానెట్ మూసి రేజ్ ఇచ్చి చూస్తుంటే లోపల్నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు శబ్దం. ఎత్తి చూస్తే రెక్క రేడియేటర్ కోర్‌లో కత్తిలా దిగబడి ఉంది. అంతకు నిమిషం ముందు బానెట్ ఎత్తి ఉంది, పక్కన నేను వంగి ఉన్నాను. ఆ రోజు నుంచి వంగిన ఫ్యాన్‌ని సరిచేసుకోవడం మానేశాను. వెల్డింగ్ అయితే అసలే వద్దు. అతికిన చోటు పక్కనే మళ్ళీ పగులుతుంది.

కాబట్టి మీకు ఇంకో ఫ్యాన్ కావాలి. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది గానీ, ఈ బండి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉంది, అక్కడ లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్, అదీ కాకపోతే కలకత్తా మల్లిక్ బజార్. వెళ్ళేటప్పుడు పాత ఫ్యాన్‌ని వెంట తీసుకెళ్ళండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం, మధ్య రంధ్రం, మొత్తం వ్యాసం, రెక్క ఏ వైపు ఒరిగి ఉందన్నది, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకుని కొనండి. డీజిల్ బండిదో, ఇసుజు ఇంజిన్ బండిదో అంటగట్టబోతారు.

దొరికింది పాతదైతే దాన్నీ నమ్మకండి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఫ్యాన్‌ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, రెక్కల మొదళ్ళూ రివెట్లూ తడిసేలా కిరోసిన్ పట్టించి పావుగంట వదిలేయండి. తర్వాత పొడిగుడ్డతో తుడిచేసి, సుద్దపొడి పల్చగా రాసి, చెక్కతో నెమ్మదిగా తట్టండి. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ బయటికి వచ్చి తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీతలా కనబడుతుంది. బళ్ళో వాడే సుద్దముక్క చాలు. పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లో రంగు మందులతో చేసే పరీక్షకి ఇదే మూలం.

అలాగే తూకం. మధ్య రంధ్రంలో సన్నటి నున్నటి కడ్డీ దూర్చి వేలాడదీసి, మెల్లగా తిప్పి వదలండి. ప్రతిసారీ అదే రెక్క కిందికి వచ్చి ఆగుతుంటే అది బరువెక్కువ. అలాంటి ఫ్యాన్ కొత్త పంపు బేరింగ్‌ని ఏడాది తిరక్కుండానే తినేస్తుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని ఫ్యాన్లలో రెక్కల మధ్య ఎడాలు సమానంగా ఉండవు. ఈల వేసినట్టు ఒకే స్వరంలో మోత రాకుండా కావాలనే అలా చేస్తారు. ఎడం తేడా చూసి పాడైందనుకోకండి. చూడాల్సింది ఎత్తు. బిగించాక ఒక రెక్క కొస దగ్గర పెన్సిల్ కదలకుండా పట్టుకుని ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే, అన్ని కొసలూ దాదాపు ఒకే దూరంలో పెన్సిల్‌ని దాటిపోవాలి.

ఇక మీ ఉత్తరంలో అసలు రోగం ఎక్కడుందో మీరే రాసేశారు. హైవే మీద 80, ఊరేగింపులో మరుగు. కారు 60లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది, అక్కడ ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. బండి నిలబడ్డప్పుడు, నడకలో పోతున్నప్పుడు గాలి తెచ్చే దిక్కు ఫ్యాన్ ఒక్కటే. హైవే మీద వేడెక్కి ఊళ్ళో బాగుండే బండి అయితే నేను ఫ్యాన్ వైపు చూసేవాణ్ణే కాదు, రేడియేటర్ లోపల గార కట్టిందా, టైమింగ్ తప్పిందా, హెడ్ గ్యాస్కెట్ పోయిందా అని అడిగేవాణ్ణి. మీది తిరగబడ్డ కథ. నీళ్ళు తిరుగుతున్నాయి, రేడియేటర్ తన పని తను చేస్తోంది. నడకలో గాలి ఆడడం లేదు, అంతే.

ఎందుకు ఆడడం లేదు? నాన్నగారి రోజుల్లో ఎన్నో ఊరేగింపులు చూసిన కారు ఇప్పుడే ఎందుకు మరిగింది? మధ్యలో మారింది ఒక్కటే, కిందటేడు వేసిన వాటర్ పంపు. ఈ ఇంజిన్‌లో ఫ్యాన్, పుల్లీ, పంపు ఒకే ఇరుసు మీద ఉంటాయి. పంపు మార్చాలంటే ఫ్యాన్ విప్పాలి, బెల్టు వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు రెండు తప్పులు తేలిగ్గా జరుగుతాయి. రెండూ జరిగి ఉంటాయని నా అనుమానం.

మొదటిది, ఫ్యాన్‌ని వెనకది ముందుకి పెట్టి బిగించడం. బోల్టులు నాలుగూ చక్కగా కూర్చుంటాయి, చూడ్డానికి తేడా తెలియదు. చాలామంది ‘తిరగేస్తే గాలి ఎదురు కొడుతుంది కదా, తెలిసిపోతుంది’ అనుకుంటారు. కొట్టదు. బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఎప్పుడూ ఒకే దిక్కుకి తిరుగుతుంది. రెక్క ఒరిగిన కోణం తిరగేసినా మారదు, కాబట్టి గాలి ఇంజిన్ వైపే పోతుంది. కానీ రెక్క వంపు తలకిందులై గాలి బాగా తగ్గిపోతుంది. కాలువలో ఈత కొట్టేటప్పుడు అరచేతి గుంట వైపుతో నీళ్ళు వెనక్కి నెడతాం. చేతి వెనకవైపుతో నెడితే చేయి కదులుతుంది గానీ మనం కదలం. రెక్కకి కూడా గుంట ఉన్న వైపు ఇంజిన్‌ని చూడాలి, ఉబ్బు వైపు రేడియేటర్‌ని చూడాలి. ఇప్పుడే వెళ్ళి చూడండి, టార్చిలైటు చాలు.

రెండోది బెల్టు. పొద్దున్నే కీచుమంటోందంటే జారుతోందని అర్థం. అసలు వి-బెల్టు పుల్లీ గాడి అడుగున కూర్చుని లాగదు, పక్కగోడల్ని ఒరుసుకుని లాగుతుంది. అరిగిపోయిన బెల్టు, లేదా కొలత తప్పిన సన్న బెల్టు గాడి అడుగుకి దిగిపోతుంది. అప్పుడు ఎంత బిగించినా జారుతుంది. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, అడుగున అడ్డంగా పగుళ్ళున్నా, నూనె పట్టి ఉబ్బినా తీసి పారేయండి. కీచు పోవడానికి పౌడరు జల్లడం, సబ్బు రుద్దడం లాంటివి చేయకండి. అరుపు తగ్గుతుందేమో గానీ జారడం తగ్గదు.

కొత్త బెల్టు వేశాక బిగువు సరిచూసుకోవాలి. రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్న వైపు నడిమిని బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. దానికి డైనమో పైనున్న రెండు ఇరుసు బోల్టులూ, కింద గాడి ఉన్న పట్టీ బోల్టూ వదులు చేసి, డైనమోని చేత్తో బయటికి లాగి పట్టుకుని బిగిస్తారు. చేత్తోనే లాగండి. గడ్డపలుగు పెట్టి ఎత్తితే డైనమో ఒళ్ళు సొట్టపోతుంది, పైగా బెల్టు వీణతీగలా బిగుసుకుని పంపు బేరింగ్‌నీ డైనమో బుష్‌నీ కలిపి నాశనం చేస్తుంది. కొత్త బెల్టు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కాస్త సాగుతుంది, అప్పుడు మళ్ళీ ఒకసారి నొక్కి చూడండి. పనిలో పనిగా డైనమో వెనక మూత మీద చిన్న నూనె రంధ్రం ఉంటుంది, అందులో ఇంజిన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేయండి. ఎక్కువ వేస్తే లోపల బ్రష్షుల మీదకి పోతుంది. ఆ రంధ్రం ఒకటుందని చాలామందికి గుర్తే ఉండదు.

ఇదే బెల్టు డైనమోని కూడా తిప్పుతుంది. అందుకే కీచూ ఎర్ర లైటూ కలిసి వచ్చాయి. అయితే ఆ లైటు గురించి మరీ దిగులు పడకండి. డైనమో బండిలో ఇంజిన్ మందంగా తిరుగుతున్నప్పుడు లైటు కాస్త మినుకుమనడం మామూలే. రేజ్ ఇస్తే పూర్తిగా ఆరిపోవాలి. ఆరకపోతే బెల్టో, డైనమోనో, రెగ్యులేటరో చూడాలి.

పంపు కొత్తదే అయినా ఒకసారి తడిమి చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎదురెదురు రెక్కల్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. ఇరుసులో ఆట తెలియకూడదు. పంపు అడుగున ఒక చిన్న చెమర్చే రంధ్రం ఉంటుంది. అక్కడ తుప్పురంగు చారలుంటే సీలు పోతోందని కబురు. ఆ రంధ్రానికి మాత్రం ఎంసీల్ పెట్టి మూయించకండి. కారడం ఆగిందని సంబరపడేలోగా నీళ్ళు బేరింగ్‌లోకి పోతాయి.

ఇప్పుడు పూల సంగతి. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నా లెక్కలో సగం నేరం బంతిపూలదే. పెళ్ళికారు అలంకరించేవాళ్ళకి బానెట్ కనబడుతుంది, గ్రిల్ కనబడుతుంది. గ్రిల్ వెనక రేడియేటర్ ఉందన్న సంగతి వాళ్ళకి పట్టదు. బంతి, చేమంతి దండలు ఒకదానిమీదొకటి పలకలా కట్టేస్తారు. మధ్యలో గుండెకాయ బొమ్మ ఒకటి థర్మకోల్‌తో. కొన్నిచోట్ల వాటి వెనక అట్ట కూడా పెడతారు. దసరా ఆయుధపూజనాడు ఇదే తంతు, కాకపోతే ఆ రోజు బండి గుడిదాకా వెళ్ళి వచ్చేస్తుంది కాబట్టి మరగదు. ముప్పావుగంట నడక, తిరగేసిన ఫ్యాన్, జారే బెల్టు, ముక్కు మూసిన పూలు. పాపం ఆ కారు అంతసేపు ఓర్చుకోవడమే గొప్ప. ఇకమీదట బానెట్ మీద ఎంతైనా కట్టించుకోండి, తలుపులకి కట్టించుకోండి, గ్రిల్ మాత్రం వదిలేయమనండి. ఒక్క దండ తోరణంలా వేలాడితే ఫర్వాలేదు.

ఇవన్నీ సరిచేశాక గాలి వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక తెల్లకాగితం తీసుకుని రేడియేటర్‌కి ముందువైపు, అంటే గ్రిల్ వైపు నుంచి కోర్ దగ్గర పట్టుకోండి. కాగితాన్ని ఫ్యాన్ తనవైపు పీల్చుకుని కోర్‌కి అతికించుకోవాలి. ఒక చోట అతుక్కుని ఇంకో చోట జారిపోతుంటే ఆ చోట రేడియేటర్ రేకుల సందుల్లో మట్టీ పురుగులూ నిండి ఉన్నాయన్నమాట. హైవే మీద రాత్రిపూట తిరిగిన బండి రేడియేటర్‌లో వానాకాలం ఉసిళ్ళు పిడికెళ్ళకొద్దీ ఉంటాయి. వాటిని ఇంజిన్ వైపు నుంచి ముందుకి, మామూలు గొట్టం నీళ్ళతో కడగండి. కార్‌వాష్ గన్నుతో కొడితే రేడియేటర్ సన్న రేకులు పడుకుని ఉన్న దారీ మూసుకుపోతుంది. ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు ఉన్న బండి అయితే అది తప్పకుండా ఉంచండి. కొందరు పని అడ్డమని విప్పి మూల పడేస్తారు. తొడుగు లేకపోతే ఫ్యాన్ పక్కనున్న వేడిగాలినే గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చుంటుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమంటారా అని అడిగారు. మీ బండికి ఇప్పుడున్న స్థితిలో వద్దు. కారణం మీ డైనమోనే. ఆ కాలపు లూకాస్ సి-40 డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. ఐడిల్‌లో ఇచ్చేది దాదాపు సున్నా. చిన్నకారు రేడియేటర్ ఫ్యాన్ 8 నుంచి 15 ఆంపియర్లు తాగుతుంది. అది కావాల్సింది ఎప్పుడు? ఐడిల్‌లో, ఊరేగింపులో. అంటే డైనమో చేతులెత్తేసిన వేళకి ఫ్యాన్ దాహమని లేస్తుంది. మొత్తం బ్యాటరీ మీదే పడుతుంది. పైగా పెళ్ళికారుకి రంగు దీపాలు, పాటలు. ఈసారి కారు మరగదు, స్టార్ట్ అవదు. తోసేది మాత్రం మళ్ళీ మీరే.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ అంటే నాకు పగేమీ లేదు. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది మింగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అక్కర్లేని హైవే మీద ఎక్కువ మింగి, అవసరమైన ట్రాఫిక్‌లో మందంగా తిరగడం దాని స్వభావం. అందుకే కొత్త కార్లు చాలావరకు దాన్ని వదిలేశాయి. మీరూ ఎప్పుడైనా డైనమో బదులు, ఐడిల్‌లో కూడా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేయించుకుంటే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా కొన్ని షరతులున్నాయి. తీగ నేరుగా తాళం స్విచ్చి నుంచి లాగకూడదు, రిలే, విడి ఫ్యూజు, లావు తీగ ఉండాలి. వేడిని బట్టి తనంతట తాను తిరిగే స్విచ్చి ఉండాలి, డాష్‌బోర్డు మీద బటన్ పెడితే పెళ్ళి సందట్లో నొక్కడం మర్చిపోతారు. ఫ్యాన్‌ని రేడియేటర్ కోర్‌లోంచి ప్లాస్టిక్ పుల్లలు దూర్చి కట్టే పద్ధతి ఉంది, అది వద్దు. కంపించి కంపించి గొట్టాన్ని కోసేస్తుంది, విడి ఫ్రేము చేయించండి. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో కూడా చూడండి. కొన్ని పాత బళ్ళలో ప్లస్ కొస బాడీకి ఉంటుంది. అది చూసుకోకుండా కలిపితే ఎలక్ట్రిక్ మోటారు తిరగబడి తిరుగుతుంది, ఇక్కడ మాత్రం గాలి నిజంగానే ఎదురు కొడుతుంది. ఏం చేసినా పాత ఫ్యాన్, దాని బోల్టులు ఒక డబ్బాలో దాచండి. 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకుంటే, బండి అసలు రూపంలో ఉండడమే ముఖ్యం.

థర్మోస్టాట్ పీకేయడం మన షెడ్లలో అన్ని రోగాలకీ ఒకే మాత్ర. అది ఇంజిన్‌ని వేడి చేయడానికి పెట్టిన శత్రువని అనుకుంటారు. పొద్దున్న చల్లటి ఇంజిన్ త్వరగా తన వేడికి చేరేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపి, ఆపైన దారి వదిలేయడమే దాని పని. ఊరేగింపులో అది ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. తీసేసినా తెల్లారి చలిలో హైవే మీద ఇంజిన్ వేడెక్కక, నూనె పల్చబడక, సిలిండర్లు అరగడం తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. హైవే మీద మీ ముల్లు 80 దగ్గర కదలకుండా నిలబడుతోందంటేనే అది బాగా పనిచేస్తోందని తెలుస్తోంది. అనుమానముంటే బయటికి తీసి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, దారంతో వేలాడదీసి చూడండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర కళ్ళముందే విచ్చుకోవాలి. మరిగే నీళ్ళలో కూడా మూసుకునే ఉంటే మార్చండి. గిన్నె మాత్రం వంటింటిది తీసుకోకండి, నా అనుభవం.

నీళ్ళ మాట ఒకటి. ఒకసారి మరిగిన రేడియేటర్‌లో ఊరేగింపు రోజు దారిన దొరికిన బోరునీళ్ళే పోసి ఉంటారు. అవి పూర్తిగా వంపేయండి. బోరునీళ్ళలో ఉండే సున్నం ఇంజిన్ లోపల గారలా పేరుకుంటుంది, మన వంటింటి కెటిల్ అడుగున చూస్తామే, అదే. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. తుప్పు పట్టదు, మరుగు పాయింటు కూడా కాస్త పెరుగుతుంది. పాత కూలెంట్ వాకిట్లో పారబోయకండి, తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని ఆపే మూత సరిగ్గా బిగుసుకుంటే లోపలి నీరు సుమారు 111 డిగ్రీలదాకా మరగదు. రబ్బరు ఎండిపోతే 100 దగ్గరే మొదలు. అలాగని ఇంకా ఎక్కువ పౌండ్ల మూత తెచ్చి పెట్టకండి, పాత రాగి రేడియేటర్ టంకాలు విడిపోతాయి.

మళ్ళీ ఊరేగింపు తప్పదనుకోండి. డ్రైవర్‌కి ఈ మాట చెప్పి పంపండి: బ్యాండు ఆగి డాన్సు మొదలైనప్పుడల్లా గేరు తీసి న్యూట్రల్‌లో వేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఇంజిన్‌ని కొంచెం చురుగ్గా తిరగనివ్వాలి. ఫ్యాన్ వేగం, పంపు వేగం రెండూ పెరుగుతాయి. ముల్లు 95 దాటితే మొహమాటపడకుండా పక్కకి తీసి ఆపేయాలి. ఆపాక అరగంట, ముప్పావుగంట మూత జోలికి పోకూడదు. తర్వాత కూడా లావు గుడ్డ వేసి, మొదటి మెట్టుదాకా తిప్పి, బుస తగ్గాకే పూర్తిగా తీయాలి. నీళ్ళు పోసేటప్పుడు ఇంజిన్ తిరుగుతూ ఉండాలి, కొంచెం కొంచెంగా పోయాలి. వేడి హెడ్ మీద ఒక్కసారిగా బిందెడు చన్నీళ్ళు కుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. డిక్కీలో ఒక అదనపు బెల్టు, దానికి తగ్గ పానాలు పెట్టుకోవాలి. ఈ బండి బోల్టులు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల పానా దాదాపు పట్టినట్టే పట్టి తలలు గుండ్రం చేసేస్తుంది.

పని చేసుకునే ముందు బ్యాటరీ తీగ ఒకటి విప్పండి, భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు లుంగీతో బానెట్ దగ్గర నిలబడకండి, పిల్లల్నీ నిలబడనివ్వకండి.

రంగు అడిగారు. పసుపు. తిరిగే ఫ్యాన్ కంటికి మాయమైపోతుంది, నల్లటిదైతే అక్కడ ఏదీ లేదనిపించి చెయ్యి పెట్టేస్తాం. పసుపు అయితే తిరుగుతున్నప్పుడు పసుపు చక్రంలా కనబడుతుంది. తుప్పు గీరి, ప్రైమర్ మీద ఒక్క పల్చటి పూత చాలు, అన్ని రెక్కలకీ సమానంగా. మందంగా వేస్తే తూకం తప్పుతుంది, రేపు పగులు వచ్చినా రంగు కింద దాక్కుంటుంది. సుద్ద పరీక్ష రంగు వేయకముందే చేయండి.